ప్లాస్టిక్ కవచాన్ని వేడిచేసి ఒంటికి సరిపోయేలా వంచడం ఎలా?

ఆన్‌లైన్లో తెప్పించుకున్న కాస్‌ప్లే (సినిమా, గేమ్ పాత్రల వేషం కట్టడం) కవచం సెట్టు ఎవరి ఒంటికీ ఉన్నదున్నట్టుగా సరిపోదు. అచ్చు ఒకటే, కొనేవాళ్ల భుజాలు, పిక్కలు మాత్రం రకరకాలు. ఛాతీ పలక ఎలాగోలా పడుతుంది. ముంజేతి ముక్క మణికట్టు దగ్గర లొడలొడలాడుతుంది, మోచేతి దగ్గర పట్టేస్తుంది. పిక్క మీదికి వచ్చే రెండు సగాల అంచులు కలవవు. చాలామంది వాటిని బలవంతంగా నొక్కిపట్టి టేపు చుట్టేస్తారు. ఆ పూటకి నిలుస్తుంది. మెట్లెక్కేటప్పుడో, ఫొటో కోసం మోకాలి మీద కూర్చున్నప్పుడో ఫట్‌మని పగులుతుంది.

ఈ వంకరలు చాలావరకు వేడితో సరిచేయొచ్చు. కాకపోతే ఒక విషయం ముందే మనసులో పెట్టుకోవాలి: ముక్కకి కొత్త ఆకారం వచ్చేది వేడెక్కేటప్పుడు కాదు, చల్లారేటప్పుడు. కాబట్టి మెత్తబడడానికి చాలినంత వేడి చాలు. మిగతా శ్రద్ధంతా ముక్క చల్లారేదాకా కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు మీద పెట్టండి. కాలిన చేతులు, బుడగలొచ్చిన ప్లాస్టిక్కు, ఇల్లంతా పొగ... వీటిలో ఎక్కువ భాగం ఈ వరస తిరగేసినందువల్ల వచ్చేవే.

ముందు అది ఏ ప్లాస్టికో తేల్చుకోండి

సెట్లుగా అమ్మే కవచాలు ఎక్కువగా ఏబీఎస్ లేదా హిప్స్ షీటును వేడిచేసి, అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేసి తయారుచేసినవి. దీన్నే వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. ఏబీఎస్ గట్టిది, దెబ్బకి ఓర్చుకుంటుంది. హిప్స్ అంటే రబ్బరు కలిపిన పాలిస్టైరీన్. అది కాస్త తొందరగా మెత్తబడుతుంది, తొందరగా విరుగుతుంది కూడా. 3డి ప్రింటర్లో తీసిన ముక్కలైతే చాలావరకు పీఎల్ఏ, కొన్ని పెట్‌జీ. సొంతంగా కోసుకుని చేసుకునేవాళ్లు మన ఊళ్లలో ఎక్కువగా వాడేది ఫ్లెక్సీ షాపుల్లో దొరికే సన్‌బోర్డు. అది నురగ పొంగించిన పీవీసీ. కాగితం అంటించిన తేలికపాటి ఫోమ్ బోర్డు వేరు. దాని లోపలున్నది థర్మాకోల్ జాతి, వేడి తగిలితే వంగదు, లోపలే కుంగిపోతుంది. కొనేటప్పుడు అంచు చూడండి, కాగితం పొర కనిపిస్తే ఈ పనికి పనికిరాదు.

ఎందుకింత పట్టింపు అంటే, ఒక్కో ప్లాస్టిక్కు ఒక్కో వేడి దగ్గర మెత్తబడుతుంది. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కే లొంగుతుంది. పీవీసీ, పెట్‌జీ 80 దగ్గర. హిప్స్, ఏబీఎస్ 95 నుంచి 105 మధ్య. అక్రిలిక్కు 105 దాటాలి. హెల్మెట్ ముందు అద్దంలా వాడే పాలీకార్బొనేట్‌కి 147 దాకా వెళ్లాలి, అందులోనూ అది గాలిలోని తేమ పీల్చుకుని ఉంటే బుడగలొస్తాయి. ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మంచిది. ఏబీఎస్‌కి సరిపోయే వేడిలో పీఎల్ఏ ముక్కని పెడితే అది మీ చేతుల్లోనే జారిపోతుంది.

అమ్మినవాళ్లు చెప్పకపోతే ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. ముక్క వెనక త్రికోణం గుర్తులో అంకె ఉంటుందేమో చూడండి. 3 అంటే పీవీసీ, 6 అంటే పాలిస్టైరీన్, 2, 5 అంటే బకెట్లు, డబ్బాలు చేసే పాలీఎథిలీన్, పాలీప్రొపిలీన్. ఏబీఎస్ 7 కింద, 'ఇతరాలు' అనే గుంపులో పడుతుంది. అంకె లేకపోతే అంచు నుంచి గోరంత ముక్క కోసి నీళ్లలో వేయండి. తేలితే అది 2 లేదా 5 రకం. మునిగితే ఇంకో గ్లాసులో ఉప్పు నీళ్లు కలపండి, లీటరుకి పావు కిలో లెక్కన. అందులో తేలితే ఏబీఎస్ లేదా హిప్స్. అందులోనూ మునిగితే పీవీసీ, పీఎల్ఏ, పెట్‌జీ లాంటివి. సన్‌బోర్డుకి, లోపల డొల్లగా ఉండే ప్రింటు ముక్కలకి ఈ పరీక్ష చెల్లదు, లోపలి గాలి వాటిని తేలుస్తుంది. మంటలో కాల్చి రంగు, వాసన చూసే పద్ధతి కూడా ఒకటి చెబుతుంటారు. ఇంట్లో దాన్ని చేయకండి. ఏ పొగని తప్పించుకోవాలని చూస్తున్నామో దాన్నే పిలిచి పీల్చినట్టవుతుంది.

జాతరల్లో, బొమ్మల కొట్లలో దొరికే పిల్లల కిరీటాలు, గదలు, పల్చటి ఛాతీ పలకలు తరచూ ఆ 2, 5 రకాలవే. ముట్టుకుంటే మైనంలా జారుడుగా ఉంటాయి. వీటికి మెత్తబడే వేడికీ కరిగిపోయే వేడికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి హనుమంతుడి వేషం కోసమైతే వాటిని వంచే ప్రయత్నం మానేసి, రెండు చిల్లులు పెట్టి ఎలాస్టిక్ కట్టండి. అరగంటలో పని అయిపోతుంది. ఇక ఫైబర్ అని పిలిచే గాజునార ముక్కలు, రెజిన్ పోసి చేసినవి ఎంత వేడిచేసినా కరగవు, మాడతాయి, అంతే.

చోటు, కరెంటు, చేతులు

బాల్కనీ, డాబా, లేదా ఎదురెదురు కిటికీలున్న గది ఎంచుకోండి. గాలి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు పోవాలి, కానీ సీలింగ్ ఫ్యాను తిన్నగా ముక్క మీద కొట్టకూడదు. అలా కొడితే ఒకవైపు మెత్తగా, ఇంకోవైపు గట్టిగా ఉండిపోతుంది. హీట్ గన్ (హెయిర్ డ్రయ్యర్‌లా, కానీ చాలా ఎక్కువ వేడిగాలి చిమ్మే పరికరం) పని వంటగదిలో మాత్రం వద్దు. ఇంట్లో లవ్‌బర్డ్స్ ఉంటే ఆ పూటకి వాటి పంజరం దూరంగా పెట్టండి, పొగలు పక్షులకి మనకంటే ముందు హాని చేస్తాయి.

సరైన వేడిలో ప్లాస్టిక్కు నుంచి కొద్దిపాటి వాసన వస్తుంది. పొగ రాకూడదు. పొగ కనిపించిందంటే మీరు హద్దు దాటారు. పీవీసీ మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది కళ్లనీ గొంతునీ మంటెక్కిస్తుంది. ఏబీఎస్ మాడినప్పుడు వచ్చే పొగలో స్టైరీన్ ఉంటుంది, అంటుకుంటే సైనైడ్ వాయువు కూడా. కోవిడ్ రోజుల్లో కొన్న ఎన్95 మాస్కు మిగిలి ఉందని ధీమా పడొద్దు. అది దుమ్ముని ఆపుతుంది, వాయువుల్ని ఆపదు. ఎక్కువసేపు పనిచేయాలంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ బిగించే రెస్పిరేటర్ కొనుక్కోండి. పెయింటు కొట్టేవాళ్లు వాడేది అదే.

ఇప్పుడు కరెంటు. హీట్ గన్లు సాధారణంగా 1500 నుంచి 2000 వాట్లు లాగుతాయి. ఇంట్లో ఫోను చార్జర్ పెట్టే మామూలు సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన అది మోయగలిగింది 1380 వాట్లు. అంటే హీట్ గన్‌కి ఈ సాకెట్టు సరిపోదన్నమాట. గీజరుకో, ఏసీకో పెట్టిన 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టులోనే పెట్టండి. గన్ను పిన్నులు లావుగా ఉండి చిన్న సాకెట్టులో పట్టకపోతే కన్వర్టర్ ప్లగ్గు పెట్టి నెట్టుకురావాలని చూడకండి, అవి లావుగా ఉన్నదే అందుకు. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే లావు వైరున్నది తీసుకుని చుట్ట పూర్తిగా విప్పేయండి. చుట్ట మీద ఉన్న వైరు లోపల్లోపలే వేడెక్కుతుంది.

ఒంటి మీద నూలు బట్టలు ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. చున్నీ, వేలాడే తాళ్ల హుడీ తీసి పక్కన పెట్టండి, జుట్టు ముడేసుకోండి, కాళ్లకి బూట్లు వేసుకోండి. గ్లౌజులు తోలువి కావాలి. వెల్డింగు పనివాళ్లు వాడేవి ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతాయి. అవి మందంగా ఉండి వేళ్లు సరిగా ఆడవు, కానీ ఆ ఇబ్బందికి అలవాటు పడండి. రబ్బరు పూత ఉన్నవి, సింథటిక్ అల్లికవి వద్దు. నీళ్ల పద్ధతికి మాత్రం మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజులే కావాలి, ఎందుకంటే తోలు గ్లౌజు వేడినీళ్లు పీల్చుకుని వదలదు. కళ్లజోడు మర్చిపోకండి. పక్కన బకెట్టు నీళ్లు, ఒక తడి తువ్వాలు పెట్టుకోండి. హీట్ గన్ కరెంటులో ఉండగా దాని మీద నీళ్లు పోయకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

అసిటోన్, థిన్నర్, స్ప్రే డబ్బాలు, శానిటైజరు... మండే స్వభావం ఉన్నవన్నీ ఆ గదిలోంచి బయటికి వెళ్లిపోవాలి. మూత పెట్టి పక్కకి జరపడం సరిపోదు.

ఒంటి మీద వంచకండి

వీడియోల్లో కొందరు వేడి ముక్కని నేరుగా కాలి మీద పెట్టుకుని నొక్కుతారు. చూడ్డానికి సులువుగా ఉంటుంది. 100 డిగ్రీల ప్లాస్టిక్కు చర్మానికి తగిలితే వేడినీళ్లలా జారిపోదు, అక్కడే ఉండి కాలుస్తూ ఉంటుంది. లోపల ప్యాంటు ఉంది కదా అనుకోవద్దు, కాస్‌ప్లే లోపలి సూటు సాధారణంగా లైక్రా, అదీ సింథటిక్ బట్టే.

దానికి బదులు మీ కొలతకి దగ్గరగా ఉండే అచ్చు చూసుకోండి. ముంజేతికి స్టీలు నీళ్ల బాటిలు, పిక్కకి నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, తొడకి పెయింటు డబ్బా, భుజానికి బోర్లించిన స్టీలు గిన్నె. పైపు అచ్చుని నూలు గుడ్డతో రెండు మూడు పొరలు చుట్టండి, లేకపోతే మీ వేడికి అదే మెత్తబడే ప్రమాదం ఉంది. ఒళ్లు గుండ్రంగా ఉండదు కాబట్టి గుడ్డ మడతలతో, కార్డుబోర్డుతో అక్కడక్కడ ఎత్తు పెంచి మీ కాలి వంపుకి దగ్గరగా తెచ్చుకోవచ్చు. పిక్క వెనక వైపు ఎత్తు, ముందు ఎముక వైపు చదును. ఈ తేడా పట్టించుకుంటేనే తర్వాత ముక్క కాలి మీద తిరగకుండా నిలబడుతుంది.

కొలతలు తీసేటప్పుడు వేషం లోపల వేసుకునే బట్టలతోనే తీయండి. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి. కూర్చున్నప్పుడు తొడ వెడల్పవుతుంది, చేయి ముడిస్తే ముంజేయి లావవుతుంది. పెద్ద కొలతకి చుట్టూ ఒకటిన్నర సెంటీమీటర్ల ఖాళీ కలపండి. లోపల ఫోమ్ అతికించాలి, చెమట ఆరాలి. మరీ బిగుతుగా చేసుకుంటే రోజంతా తిరిగేటప్పుడు కాలు తిమ్మిరెక్కుతుంది. ఎక్కడ వంచాలో, ఎక్కడిదాకా వంచాలో మాస్కింగ్ టేపు వేసి పెన్నుతో గీతలు గీసుకోండి. వేడి పనిలో ఆలోచించే టైమ్ దొరకదు.

ఇంకో మాట. వేడి పని రంగు వేయకముందే, అతికించకముందే అయిపోవాలి. రంగు పొరని వేడిచేస్తే బుడగలు లేస్తుంది, వాసన ఘాటుగా వస్తుంది. ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు వేడెక్కితే దాని ఆవిరి కళ్లని కొరుకుతుంది. హాట్ గ్లూ అయితే కవచం కంటే ముందే కరిగి ఊడిపోతుంది. వెల్క్రో, ఎలాస్టిక్ ఉంటే విప్పేయండి.

వేడినీళ్ల పద్ధతి

మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా ఇదే. నీళ్లు 100 డిగ్రీలు దాటవు. అందుకే ముక్క మాడదు, బుడగలు రావు, పొగ ఉండదు. హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరుకి పైగా ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. విశాఖపట్నం తీరంలో పూర్తి 100. ఈ రెండు డిగ్రీలు చిన్నవిగా కనిపించినా ఏబీఎస్‌కి తేడా తెలుస్తుంది. హైదరాబాదులో ముక్కని ఇంకాస్త ఎక్కువసేపు ముంచాల్సి రావచ్చు.

ముక్క లోతుగా మునిగేంత గిన్నె కావాలి, పెళ్లిళ్లలో వాడే పెద్ద గంగాళం లాంటిదైతే మేలు. వంటకి మళ్లీ వాడని పాత గిన్నె చూసుకోండి. అడుగున ఒక నూలు గుడ్డ వేయండి, ప్లాస్టిక్కు నేరుగా అడుగుకి తగిలితే అక్కడ మాత్రం కరుగుతుంది. నీళ్లు మరిగాక స్టవ్ సన్నం చేసి, గిన్నె పొయ్యి మీద ఉండగానే పని చేయండి. మరుగుతున్న గిన్నెని ఎత్తి ఇంకోచోటికి మోయాలనుకోవద్దు, ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం అదొక్కటే.

వంచాల్సిన భాగాన్నే నీళ్లలో దించండి. ముంజేతి ముక్కలో మణికట్టు వైపు సరిచేయాలంటే ఆ చివరే దించాలి, మొత్తం కాదు. ఏబీఎస్ రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే అర నిమిషం తర్వాత బయటికి తీసి, గ్లౌజు వేసిన చేత్తో మెల్లగా నొక్కి చూడండి. గట్టిగానే ఉంటే మళ్లీ దించండి. కొద్దిగా ఇస్తోంది అనిపించగానే అచ్చు మీద పెట్టి బిగించండి. ఏబీఎస్ ఈ వేడిలో పూర్తిగా మెత్తగా అయిపోదు, మొండిగా కొంచెం కొంచెమే వంగుతుంది. ఒక్క దెబ్బలో పని అయిపోవాలని గట్టిగా లాగితే వంపు దగ్గర తెల్లటి చార వస్తుంది. ఆ చార పగులుకి మొదటి మెట్టు. నాలుగైదు సార్లు ముంచి తీస్తూ, ప్రతిసారీ కొంచెం వంచండి.

పీఎల్ఏ ప్రింటు ముక్కకి మరిగే నీళ్లు వద్దే వద్దు. స్టవ్ ఆపేసి, చన్నీళ్లు కలిపి, వంట థర్మామీటరుతో 65 నుంచి 70 దగ్గరికి తీసుకురండి. అంతకు మించితే మీ చేతి కిందే ముక్క మొత్తం వేలాడిపోయి, మీరు వంచాలనుకోని చోట కూడా సొట్టలు పడతాయి. గోడలు మందంగా ఉంటే లోపలిదాకా వేడెక్కడానికి సమయం పడుతుంది, తొందరపడకండి. ప్రింటు పొరల మధ్య నీళ్లు దూరతాయి కాబట్టి రంగు వేయడానికి ముందు ఒకటి రెండు రోజులు బాగా ఆరనివ్వండి.

హీట్ గన్ పద్ధతి

నీళ్లలో పట్టని పెద్ద ఛాతీ పలక, వీపు పలక, లేదా ఒక గీత వెంట అంచు మడవడం, సన్‌బోర్డు వంచడం... వీటికి గన్ను కావాలి. హెయిర్ డ్రయ్యర్ పీఎల్ఏ సన్న అంచులకి పనికొస్తుందేమో గానీ ఏబీఎస్‌కి చాలదు. కొవ్వొత్తి, లైటరు, గ్యాస్ మంట అసలు తలపెట్టకండి. మంట వేడి ప్లాస్టిక్కుకి కావలసినదానికంటే పది రెట్లకి పైనే ఉంటుంది.

రెండు స్పీడ్ల గన్ను అయితే చిన్నదానితో మొదలుపెట్టండి. చిన్నదంటే కూడా ముక్కు దగ్గర గాలి సుమారు 300 డిగ్రీలుంటుంది, అందుకే దూరమే మీ అసలు రెగ్యులేటరు. ముక్క నుంచి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం పెట్టి, ఎక్కడా ఆపకుండా అటూ ఇటూ ఆడిస్తూ ఉండండి. వంపు గీతకి రెండు వైపులా రెండేసి వేళ్ల వెడల్పు మేర వేడెక్కాలి. లోపలి వైపు కూడా కాసేపు చూపించండి. మందమైన ముక్కని ఒక్కవైపే వేడిచేస్తే పైపొర మాడుతుంది, వెనకపొర గట్టిగానే ఉంటుంది. వేడి తగలకూడని చోట్ల అల్యూమినియం ఫాయిల్ కప్పండి.

చేతిలో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే పని చాలా హాయి. ఏబీఎస్ పైభాగం 100 నుంచి 115 మధ్య, పీవీసీ 85 నుంచి 100 మధ్య ఉంటే వంచడానికి సిద్ధం. అది లేకపోతే చెక్క పుల్లతో పొడిచి చూడండి: గట్టిగా టక్కుమనే శబ్దం పోయి, పుల్ల ఒత్తిడికి కొంచెం లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. పైపొర ఉన్నట్టుండి నిగనిగలాడడం మొదలైతే గన్ను వెంటనే దూరం జరపండి. తర్వాత వచ్చేది బుడగలే.

వాక్యూమ్ ఫార్మింగ్ ముక్కల్లో ఒక గుణం ఉంది. అవి మొదట చదును షీట్లు కాబట్టి వేడి ఎక్కువైతే మళ్లీ ఆ పాత రూపానికే పోవాలని చూస్తాయి. ఛాతీ పలకలో చెక్కినట్టున్న గీతలు, మూలలు మాయమైపోతాయి. పల్చటి ముక్కైతే నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోతుంది. అలా పోయిన గీతల్ని ఇంట్లో తిరిగి తెప్పించలేం. అందుకే అలంకారం గీతలున్న చోటికి వేడి పోనివ్వకండి, వాటికి దూరంగా చదునుగా ఉన్నచోటే వంచే ప్లాను వేసుకోండి. నీళ్ల పైపు కోసి, వేడిచేసి, పలకగా పరిచి కవచం చేసుకునేవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. ఆ పలకని రెండోసారి బాగా వేడిచేస్తే మళ్లీ పైపులా చుట్టుకోవడం మొదలుపెడుతుంది. సన్‌బోర్డుకి ఈ పట్టుదల లేదు, కొత్తవాళ్లకి అందుకే అది నయం. మూడు మిల్లీమీటర్లది చేత్తో వంగుతుంది, ఐదు మిల్లీమీటర్లది ఛాతీకి బాగుంటుంది.

అంచులు మడవడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే రోజంతా వేసుకునేవాళ్లని బాధపెట్టేవి అవే. చంక దగ్గర, మోకాలి వెనక కోసిన అంచు కత్తిలా గీరుతుంది. అంచుకి లోపల 6 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో గీత గీసి, ఆ గీత వెంట మాత్రమే వేడిచేసి, గుండ్రటి చెక్క కర్ర ఆనించి బయటికి తిప్పండి. చపాతీ కర్ర చక్కగా సరిపోతుంది, మళ్లీ వంటగదిలోకి వెళ్లదనుకోండి. వేలెడంత పొడవు చొప్పున చేసుకుంటూ పోవాలి. మొత్తం అంచుని ఒకేసారి వేడిచేస్తే ఒక చివర తిప్పేలోగా రెండో చివర చల్లారిపోతుంది.

ఫోమ్ కవచాలకి గన్ను వాడకం వేరు. ఈవీఏ ఫోమ్, అంటే పిల్లల ఆటగదిలో పరిచే రంగుల చాపల్లాంటిది, వేడి తగలగానే పైరంధ్రాలు మూసుకుని కొంచెం మెరుపొస్తుంది. అప్పుడే వంచి పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. ఒక్కో చోట రెండు మూడు సెకన్లు చాలు. అంతకు మించితే ముడతలు పడి గట్టిపడుతుంది.

పని ఆపేటప్పుడు గన్ను వెంటనే ఆఫ్ చేయకుండా, చల్లగాలి సెట్టింగు ఉంటే ఒక నిమిషం దాని మీద నడిపి, ముక్కు పైకి ఉండేలా నిలబెట్టండి. ముక్కు చాలాసేపు వేడిగానే ఉంటుంది, ఎర్రగా కనిపించదు కాబట్టి ఇంట్లోవాళ్లు పొరపాటున పట్టుకుంటారు. పిల్లలున్న ఇల్లైతే పూర్తిగా చల్లారేదాకా అక్కడి నుంచి కదలకండి.

చల్లారేదాకా

వంచిన ముక్కని వదిలేస్తే కొంత వెనక్కి వస్తుంది. అందుకని కావలసినదానికంటే కాస్త ఎక్కువే వంచి కట్టండి. కట్టడానికి పాత సైకిలు ట్యూబుని పొడుగు పట్టీలుగా కోసుకుంటే అంతకు మించినది లేదు. సాగి, సమంగా నొక్కుతుంది, గీత పడనివ్వదు. తాడుతో కడితే మెత్తటి ప్లాస్టిక్కు మీద తాడు అచ్చు దిగుతుంది. క్లాంపులు వాడితే వాటి కింద చెక్క ముక్కలు పెట్టండి. అంచుల చుట్టూ, వంపు నడుమ, మూడు నాలుగు చోట్ల పట్టు ఉండాలి.

తర్వాత ఏమీ చేయకండి. చేత్తో ముట్టుకుంటే వేడి తెలియనంతగా చల్లారేదాకా, మందం ముక్కైతే ఇంకో పావుగంట అదనంగా, అచ్చు మీదే ఉండనివ్వండి. అంచు మడతల్లాంటి సన్న చోట్ల తడిగుడ్డ అద్ది తొందరపెట్టొచ్చు. మందమైన ఛాతీ పలక మీద చన్నీళ్లు గుమ్మరిస్తే మాత్రం పైపొర ముందే బిగుసుకుని లోపల ఒత్తిడి మిగిలిపోతుంది, నెలల తర్వాత అక్కడే పగులు మొదలవుతుంది. విప్పాక వేసుకుని చూడండి. ఇంకా సరిపోకపోతే ఆ ఒక్క చోటే మళ్లీ వేడిచేయండి, మొత్తం మొదటి నుంచి కాదు.

తెల్లచారలు తేలిగ్గా వచ్చినవైతే కొద్దిగా వేడి చూపిస్తే చాలావరకు పోతాయి. లోతుగా ఉంటే అక్కడ బలం తగ్గిపోయినట్టే. వెనకవైపు అదే ప్లాస్టిక్కు ముక్క అతికించండి. ఏబీఎస్ పగుళ్లకి అదే ఏబీఎస్ తురుముని అసిటోన్‌లో కరిగించి చేసిన పేస్టు బాగా పట్టుకుంటుంది. నెయిల్ పాలిష్ రిమూవర్లో అసిటోన్ ఉంటే అదీ పనిచేస్తుంది, సీసా మీద చదివి కొనండి. ఈ పని వేడి పని పూర్తయి, గన్ను చల్లారి, పెట్టెలోకి వెళ్లిపోయాక, మరో రోజు పెట్టుకోండి. అసిటోన్ ఆవిరి కంటికి కనిపించకుండా నేల మీదుగా పాకి దూరంలో ఉన్న నిప్పుని అందుకుంటుంది. పేస్టు పూర్తిగా ఆరేదాకా ఆ ముక్కని మళ్లీ వేడిచేయకూడదు. బుడగలొచ్చిన చోటు ఎమరీ పేపరుతో రుద్ది పుట్టీ పెట్టొచ్చు గానీ, గోధుమరంగులోకి మాడితే ఆ భాగం కోసేయడమే.

కాలితే

మన ఇళ్లలో కాలిన చోట టూత్‌పేస్టు, పసుపు, సిరా, నెయ్యి పూసే అలవాటు ఇంకా ఉంది. ఏదీ పూయకండి. కుళాయి కింద, చల్లగా పారే నీళ్లలో 20 నిమిషాలు పెట్టండి. ఐసు వద్దు. ఉంగరం, గడియారం, గాజులు వాపు రాకముందే తీసేయండి. కరిగిన ప్లాస్టిక్కు చర్మానికి అతుక్కుంటే పీకకండి, చర్మం కూడా లేచి వస్తుంది. దాని మీదుగానే నీళ్లు పోస్తూ ఉండండి, తీయడం డాక్టరు పని. తర్వాత వంటింట్లో వాడే పల్చటి క్లింగ్ ఫిల్మ్ గానీ, శుభ్రమైన పొడి గుడ్డ గానీ వదులుగా కప్పండి. బొబ్బలు అరచేతికంటే పెద్దగా ఉన్నా, ముఖానికో, చేతికో, కీళ్ల దగ్గరో కాలినా, చర్మం తెల్లగా అయి నొప్పి తెలియకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. పొగ పీల్చి దగ్గు ఆగకపోయినా, ఛాతీ పట్టేసినట్టున్నా బయటి గాలిలోకి వచ్చి డాక్టరుకి చూపించుకోండి.

సరిపోయాక దాచడం

ఇంత కష్టపడి తెచ్చిన వంపుని ఎండ ఒక్క మధ్యాహ్నంలో చెరిపేయగలదు. మన ఎండాకాలంలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అంటే పీఎల్ఏ ముక్కలు డిక్కీలో ఉన్నంతసేపట్లో మళ్లీ వంచే వేడికి చేరినట్టే. మే నెలలో ఈవెంటుకి వెళ్తుంటే ప్రింటు ముక్కల పెట్టెని మీతోపాటు లోపలికి తీసుకెళ్లండి. ఏబీఎస్ తట్టుకుంటుంది కానీ ఒకదాని మీద ఒకటి బరువు పడేలా పేర్చకూడదు. పిక్క, ముంజేతి ముక్కల్లో పాత బట్టలు కుక్కి, నిలువుగా పెట్టండి. డాబా మీది గదిలో, రేకుల షెడ్డులో దాచకండి, గోడకి మేకు కొట్టి ఒక్క చోటు నుంచి వేలాడదీయకండి. మంచం కింద అట్టపెట్టె చాలు.